యేల్‌ను గెలిచిందా, యేల్‌పై గెలిచిందా: 29-29 శీర్షికలో ఒక విభక్తి గురించి

గుంటూరు పాఠకుడు:
మిత్రులకు నమస్కారం. చాలా ఏళ్ల కిందట ఒక వారపత్రిక ఆటల పేజీలో చదివిన వాక్యం ఒకటి నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. 1968 నవంబరు 23న అమెరికాలోని హార్వర్డ్, యేల్ విశ్వవిద్యాలయాల జట్ల మధ్య జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మీద హార్వర్డ్ విద్యార్థుల దినపత్రిక క్రిమ్సన్ పెట్టిన 'హార్వర్డ్ బీట్స్ యేల్, 29-29' అనే శీర్షికకు అది తెలుగు. మొదట 'యేల్' అని, చివర 'గెలిచిన హార్వర్డ్' అని ఉండడం బాగా గుర్తుంది గాని, నడుమ ఉన్న విభక్తి జారిపోయింది. అక్కడ ఉండవలసింది 'ను'నా, 'పై'నా? అంకెలు రెండూ సమానంగా ఉన్నచోట వాక్యం బరువంతా ఆ ఒక్క అక్షరమే మోస్తుంది కాబట్టి అడుగుతున్నాను.

డెస్కు మనిషి, హైదరాబాదు:
అది 'యేల్‌పై' అయి ఉంటుందండీ. ముప్పై ఏళ్లు వార్తల డెస్కులో పనిచేశాను. ఆటల వార్తలో ప్రత్యర్థి పేరు పక్కన 'పై' లేకుండా శీర్షిక ప్రూఫు దాటేది కాదు. అది ఊరికే పడిన అలవాటు కాదు. 'గెలుచు' అనే క్రియ ఎదుటివాడినీ 'ను'తోనే తీసుకుంటుంది, చేతికి దక్కినదానినీ 'ను'తోనే తీసుకుంటుంది. శత్రువును గెలిచాడు, కప్పును గెలిచాడు అన్నప్పుడు రెండింటికీ ఒకటే రూపం. ఓడినవాడు ఎవరో, దక్కినది ఏదో పాఠకుడు తడుముకోకూడదన్న ఉద్దేశంతో 'పై' స్థిరపడింది.

నెల్లూరు వాసి:
అయ్యా, మీ అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఈ 'పై' ఇంగ్లీషు వార్తాసంస్థల కాపీలోని 'ఓవర్'కు నీడగా మన పత్రికల్లోకి వచ్చిందని నా నమ్మకం. ఆకలిని గెలిచాడు, కోపాన్ని గెలిచాడు అంటాం గాని ఆకలిపై గెలిచాడు అని ఎవరం అనం. పైగా 'పై' అన్న తరువాత ఒకరు పైన, ఒకరు కింద ఉండి తీరాలి. 29కి 29 ఉన్నచోట పైన ఉన్నదెవరు? 'ను'కు ఆ చిక్కు లేదు. అవతలివాడు లొంగాడా లేదా అన్నదే దానికి కావాలి.

ఇక్కడ తిక్కనగారిని తలచుకోకుండా ఉండలేను. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం ముగిశాక, నా కొడుకు కౌరవులను గెలిచాడని విరాటరాజు పొంగిపోతుంటే, ఎదురుగా జూదమాడుతున్న కంకుభట్టు, బృహన్నల సారథిగా ఉండగా గెలుపు రాకుండా ఎలా ఉంటుందన్న ధోరణిలోనే మాట్లాడతాడు. రాజు కోపం పట్టలేక పాచిక విసురుతాడు, ధర్మరాజు ముఖాన నెత్తురు వస్తుంది, అది నేల రాలకుండా ద్రౌపది పడుతుంది. గెలుపు ఒకటే, దాన్ని చెప్పే నోళ్లు రెండు. క్రిమ్సన్ శీర్షికను ఆ సభలోని మాటగా చదివితేనే నాకు రుచిస్తుంది.

బోస్టన్ నుంచి:
పెద్దలు విభక్తి దగ్గర ఆగారు గాని, నాకు క్రియ దగ్గరే సందేహం ఉంది. ఆ సీజనంతా కళ్ల ముందు పెట్టుకుంటే తప్ప 'గెలిచిన' అన్న మాటను సమర్థించలేం. రెండు జట్లూ ఎనిమిదికి ఎనిమిది ఆటలు గెలిచి ఆ శనివారం ఎదురుపడ్డాయి. ఓటమి గాని డ్రా గాని లేకుండా రెండూ అలా తలపడడం 1909 తరువాత అదే మొదటిసారి. యేల్ అంతకుముందు వరుసగా పదహారు ఆటలు గెలిచి వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడు) బ్రయన్ డౌలింగ్, తరువాత డాలస్ కౌబాయ్స్ అనే వృత్తి జట్టుకు ఆడిన కాల్విన్ హిల్ ఆ జట్టులోనే ఉన్నారు. ఆట సగం కాకముందే యేల్ 22-0తో ముందుంది, చివరి క్వార్టరులో 29-13 చేసింది.

నేను ఆ స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరంలో కొన్నేళ్లు ఉన్నాను. కేంబ్రిడ్జి వైపు నుంచి చార్లెస్ నది వంతెన దాటితే గుర్రపు నాడా ఆకారంలో 1903 నాటి కాంక్రీటు కట్టడం కనిపిస్తుంది. నవంబరులో ఆ మెట్ల మీద కూర్చుంటే చలి కింది నుంచి ఎముకల్లోకి ఎక్కుతుంది. ఆ చలిలో, పదహారు పాయింట్లు వెనకబడిన జట్టు కోసం చివరిదాకా కూర్చున్నవాళ్లు చూసినది నలభై రెండు సెకన్ల ఆట. హార్వర్డ్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ స్థానంలో దిగిన ఫ్రాంక్ చాంపి విసిరిన బంతిని బ్రూస్ ఫ్రీమన్ అందుకుని టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చాడు. టచ్‌డౌన్ తరువాత దక్కే అదనపు రెండు పాయింట్ల ప్రయత్నం మొదట విఫలమైనా, యేల్ చేసిన తప్పిదం వల్ల దక్కిన రెండో అవకాశంలో గస్ క్రిమ్ వాటిని సాధించాడు. వెంటనే తన్నిన పొట్టి కిక్కును హార్వర్డే చేజిక్కించుకుంది. గడియారం సున్నాకు చేరిన క్షణంలో కెప్టెన్ విక్ గాటో టచ్‌డౌన్ చేశాడు. సమయం అయిపోయినా అదనపు ప్రయత్నం మిగిలే ఉంటుంది కాబట్టి చాంపి మరోసారి విసిరాడు, పీట్ వార్నీ పట్టుకున్నాడు, మిగిలిన రెండు పాయింట్లూ వచ్చి 29-29 అయింది. అప్పట్లో కళాశాల ఫుట్‌బాల్‌లో అదనపు సమయం లేదు, ఆట అక్కడితో ముగిసింది. రెండు జట్లూ ఎనిమిది గెలుపులు, ఒక డ్రాతో సీజను ముగించి, తామాడే విశ్వవిద్యాలయాల పోటీ అయిన ఐవీ లీగ్ టైటిల్‌ను పంచుకున్నాయి. పట్టికలో రెండు వరుసలకూ తేడా లేకపోయినా యేల్‌కు అది ఓటమిలాగే మిగిలింది. అందుకే 'గెలిచిన' కంటే 'ఓడించిన' అన్న మాటే దగ్గరిదని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ రోజు కచ్చితంగా జరిగినది అవతలివాళ్లకు ఓటమి అంటగట్టడమే.

రాజమండ్రి మాష్టారు:
బోస్టన్ అబ్బాయి 'ఓడు' దగ్గరికి తెచ్చినందుకు సంతోషం. నాకు ఎప్పటి నుంచో ఒక ఊహ ఉంది. నెత్తురోడుతోంది అంటాం, ఓటికుండ అంటాం. కారిపోవడం, నిలవకపోవడం అన్న అర్థం ఆ మాటల్లో ఉంది. ఆటలో ఓడడం కూడా ఆ ధాతువు నుంచే వచ్చిందని, చేతిలో ఉన్నది కారిపోవడమే ఓటమి అని నా వాదం. ఆ రోజు యేల్ ఆరు సార్లు బంతిని చేజార్చి ప్రత్యర్థికి అప్పగించింది, నలభై రెండు సెకన్లలో పదహారు పాయింట్ల ఆధిక్యం కారిపోయింది. ఇంతకంటే నిండుగా ఓడిన జట్టు ఉంటుందా? కనుక 'ఓడించిన' అన్న ప్రేరణరూపం కూడా అనవసరం. యేల్ తనంతట తానే ఓడింది.

నెల్లూరు వాసి:
మాష్టారూ, ధ్వని కలిసినంత మాత్రాన ధాతువు ఒకటి కాదని మీరే ఇంతకుముందు ఒక చర్చలో నన్ను సరిదిద్దారు. ఓడు అనే రెండు క్రియలు వేరువేరని నేను అనుకుంటాను. పైగా యేల్ తనంతట తాను ఓడిందంటే చాంపి చేయి, వార్నీ పట్టు ఏమైపోతాయి? జావెలిన్ విసిరి బలపడిన చేయి చాంపిది. తిక్కనగారి సభలో కంకుభట్టు బృహన్నల పేరెత్తినది, గెలిపించిన చేయి మరుగున పడకూడదనే కదా.

రాజమండ్రి మాష్టారు:
ధాతువు మాట ఒప్పుకుంటాను, అది నా ఊహేనని ముందే చెప్పాను. తిక్కన మాట ఒప్పుకోను. కంకుభట్టు తగువు కర్త గురించి: గెలిచినది ఉత్తరుడా, బృహన్నలా అన్నదే అక్కడి ప్రశ్న, కౌరవులు ఓడారా లేదా అన్నది కాదు. ఈ శీర్షికలో కర్త మీద తగువే లేదు, క్రియ మీద ఉంది. పోలిక ఎంత అందమైనదైనా ఇక్కడ అతకదు.

వరంగల్లు చదువరి:
పెద్దలు 'గెలుచు', 'ఓడించు' రెండే చూస్తున్నారు గాని 'నెగ్గు'ను వదిలేశారు. పంతం నెగ్గింది, మాట నెగ్గించుకున్నాడు, కష్టాల్లో నెగ్గుకొచ్చాడు అన్నప్పుడు ఎదుటివాడు ఓడాడా లేదా అన్న లెక్క ఉండదు, మనం నిలిచామా లేదా అన్నదే ఉంటుంది. మా బడిలో ఒకసారి చెడుగుడు ఆటలో, మాకంటే పెద్ద తరగతి వాళ్లతో చివరి కూతకు సమానం చేశాం. సున్నంతో గీసిన గీత మీద చేయి ఆనించి పడుకున్న పిల్లవాడిని, మోచేతులకు సున్నం అంటి ఉండగానే, భుజాలకెత్తుకుని 'గెలిచినం, గెలిచినం' అని ఊరేగించాం. మాష్టారు సమానమైందని ఎంత చెప్పినా మేము వినలేదు. ఆ అరుపులోని అర్థాన్ని రాతలో పెట్టాలంటే 'నెగ్గిన హార్వర్డ్' అనాలని నా మనవి.

బోస్టన్ నుంచి:
అమ్మా, మీ ఉదాహరణ నన్ను కదిలించింది, అయినా ఒక అభ్యంతరం ఉంది. నెగ్గుకొచ్చింది అన్నప్పుడు యేల్ వాక్యంలోంచి తప్పుకుంటుంది. మూలంలో యేల్ కర్మగా నిలబడి ఉంది, ఆ దెబ్బ దానికి తగలాలి. పైగా మూలంలో కామా తరువాత చివరన అంకెలు వస్తాయి: గెలుపు అని చదివి తల ఎత్తేసరికి 29-29 ఎదురవుతుంది. తెలుగులో క్రియ చివరికి వెళ్లే అలవాటు వల్ల అంకెలు ముందుకొస్తే ఆ విసురు పోతుంది. 'యేల్‌ను గెలిచిన హార్వర్డ్, 29-29' అని కామాతో సహా నిలిపితేనే అందులో ప్రాణం ఉంటుంది. మీ 'నెగ్గు'కు చోటు వెతికితే 'యేల్‌తో నెగ్గిన హార్వర్డ్' అనవచ్చునేమో చూడండి.

వరంగల్లు చదువరి:
'తో' అంటే అర్థం మారిపోతుందండీ. యేల్‌తో కలిసి ఎవరి మీదనో నెగ్గినట్టు వినిపిస్తుంది.

డెస్కు మనిషి, హైదరాబాదు:
చర్చ ఇంత దూరం వచ్చాక నాకు ఒక సంగతి తట్టింది. అప్పటి డెస్కుల్లో విదేశీ పేర్లకు చివర ఉకారం చేర్చి రాసేవాళ్లం. యేల్ కాస్తా 'యేలు' అవుతుంది. దానికి 'ను' చేర్చి చూడండి: 'యేలును గెలిచిన హార్వర్డ్'. పాఠకుడి కంటికి మొదట పడేది ఏలుబడికి సంబంధించిన క్రియ, అంటే పరిపాలించును అన్న మాట. ఏ సబ్‌ఎడిటరూ దాన్ని అలా పోనివ్వడు. కాబట్టి 'పై' అక్కడ ఇంగ్లీషు నుంచి రాలేదు, ఈ అపార్థాన్ని తప్పించడానికే వచ్చింది.

నెల్లూరు వాసి:
ఆ చిక్కు తప్పాలంటే 'యేల్ జట్టును' అని రాస్తే చాలు గదా. విభక్తిని బలి ఇవ్వనక్కరలేదు.

డెస్కు మనిషి, హైదరాబాదు:
ఒక్క కాలమ్ శీర్షికలో 'జట్టు' అన్న మాటకు చోటు ఎక్కడిదండీ?

గుంటూరు పాఠకుడు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మళ్లీ ఆ పేజీని కళ్లు మూసుకుని తలచుకున్నాను. డెస్కు మిత్రులు చెప్పిన ఉకారం నిజంగానే ఉన్నట్టు, 'యేలు' అని రెండు అక్షరాలు నల్లగా అచ్చయి ఉన్నట్టు తోస్తోంది. అయితే దాని తరువాతి అక్షరం దగ్గర కాగితం మడత పడి ఉంది, ఆ మడత మీద సిరా చెదిరి ఉంది. ఆ మడత కింద సున్నా చుట్టినట్టు గుండ్రంగా ఏదో కనిపించిన గుర్తు. అది 'ను'లోని గుండ్రమో, పక్కనున్న 29లోని తొమ్మిదో మీలో ఎవరికైనా ఆ పేజీ చూసిన జ్ఞాపకం ఉంటే చెప్పగలరు.