రాత్రి క్రెష్‌లో ఆయా మేలుకునే ఉండాలా, పిల్లల పక్కన పడుకుంటే చాలదా?

రాయగడ అమ్మ
ఒడిశాలో రాయగడ, తేరుబలి వైపు నైట్ షిఫ్టుకు వెళ్లే తల్లుల కోసం రాత్రి 8 నుంచి పొద్దున్న 7 దాకా పిల్లల్ని చూసే చోటొకటి పెడుతున్నాం. ఎనిమిది మంది పిల్లలు, అందులో ఇద్దరు ఏడాదిలోపు వాళ్లు. నియమాలు రాస్తుంటే ఒక్క దగ్గర పీటముడి పడింది. రాత్రంతా ఒకరు మేలుకోవాలని కొందరు, పక్కనే పడుకుంటే పిల్ల ఏడిస్తే లేస్తుంది కదా అని కొందరు. తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం సిస్టర్
మేలుకోవాలి. "ఏడిస్తే లేస్తుంది" అన్న లెక్క ఎక్కడ తప్పుతుందంటే, ప్రాణం మీదికొచ్చినప్పుడు చంటిపిల్ల ఏడవదు. ముక్కు మీద దుప్పటి పడినా, బోర్లా తిరిగి మొహం మెత్తటి పరుపులో కూరుకుపోయినా, గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి తగ్గినా చప్పుడుండదు. ఏడాదిలోపు పిల్లల్ని 15 నిమిషాలకోసారి, మిగతావాళ్లని అరగంటకోసారి చూడమంటాను. గుమ్మంలోంచి తొంగిచూస్తే సరిపోదు. దగ్గరికెళ్లి ఛాతీ లేస్తోందా, పెదవులు ఏ రంగులో ఉన్నాయి, మొహం మీద బట్ట ఉందా చూడాలి. మెడ వెనక చెయ్యి పెట్టి ఒళ్లు వేడిగా ఉందేమో తెలుసుకోవాలి. నీలం జీరో బల్బు వద్దు, ఆ వెలుగులో పెదవులు నీలమైనా తెలీదు. తెల్లది పెట్టండి. చంటివాళ్లను వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. తలగడ, బొంత, బొమ్మ ఏవీ ఉండకూడదు.

గుణుపూర్ అంగన్‌వాడి
సిస్టర్ గారూ, మీరు చెప్పింది ఆస్పత్రికి సరిపోతుంది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టంలో చేర్చారు, తల్లి రోజుకు 4 సార్లు వెళ్లి చూసుకోవచ్చని కూడా అందులో పెట్టారు. కానీ కాంట్రాక్టు కింద, ఇళ్లలో, చిన్న దుకాణాల్లో చేసేవాళ్లకి అది అందదు. వాళ్లు తలో కొంత వేసుకుని ఆయాను పెట్టుకుంటారు. పొద్దంతా ఇంటిపని చేసిన మనిషిని రాత్రంతా కూర్చోమంటే కునుకు పడుతుంది, తెల్లారాక, పిల్లల్ని చూసిన టైములు రాసే రిజిస్టరంతా ఒకే పెన్నుతో ఒకేసారి నింపేస్తుంది. ఖర్చు పెరిగితే పిల్లల్ని పదేళ్ల అక్కకి అప్పగించి, బయట తాళం వేసుకుని డ్యూటీకి పోతారు. దానికంటే చేతికందే దూరంలో ఆయా పడుకోవడం నయం కాదా?

జేకేపూర్ సేఫ్టీ
అంగన్‌వాడి అక్కా, ఖర్చు మాట నిజమే, కానీ ఈ ఎనిమిది మందికి లెక్క వేరు. ఇక్కడ ఎలాగూ ఇద్దరు ఉండాల్సిందే. ఒక పిల్లను 108లో ఎక్కించుకుని ఒకరు వెళ్తే మిగతా ఏడుగురి దగ్గర ఎవరుంటారు? మంట లేస్తే ఒక మనిషి ఎత్తుకోగలిగేది ఇద్దరు చంటివాళ్లనే, అప్పుడు నడవగలిగిన ఆరుగురిని రెండో మనిషి తీసుకెళ్లాలి. ఇద్దరూ ఉన్నాక వంతులు వేసుకుంటే అదనంగా పైసా పడదు. ఒకరు మేలుకుంటే ఒకరు అదే గదిలో పడుకుంటారు.

మార్చుకునే వేళ మాత్రం చూసుకోండి. నిద్ర బలంగా ముంచుకొచ్చేది తెల్లవారుజాము 3, 5 గంటల మధ్య. అందుకే 2 గంటలకి మారాలి, ముందు పడుకుని లేచిన మనిషి ఆ వేళకి కూర్చోవాలి. 1:40కే లేపండి. లేచిన వెంటనే పిల్లల్ని అప్పగించొద్దు, మత్తు వదలడానికి పావుగంట పడుతుంది. అప్పగించేటప్పుడు ఇద్దరూ కలిసి తలలు లెక్కపెట్టి సంతకం చేయాలి. రిజిస్టరు పిల్ల తొట్టి దగ్గరే వేలాడదీయండి, మూల టేబుల్ మీద పెడితేనే తెల్లారాక నింపడం మొదలవుతుంది.

గుణుపూర్ అంగన్‌వాడి
ఇద్దరున్న చోట ఒప్పుకుంటాను. ఇంట్లో ఒక్కతే చూసుకునే ఆవిడ మాటేమిటి? ఆమె మూసేయాలనే నియమం రాయకండి.

జేకేపూర్ సేఫ్టీ
మూసేయక్కర్లేదు, పిల్లలు తగ్గాలి. ఒక్క మనిషి ఉంటే ఏడాదిలోపు వాళ్లని రాత్రికి తీసుకోకూడదు. పెద్దవాళ్లు ముగ్గురికి మించకూడదు. పిలిస్తే వచ్చే పక్కింటి మనిషి ఒకరు ఒప్పుకుని ఉండాలి.

పర్లాకిమిడి మేస్టారు
మేలుకోవడం సరే, నేల మీద పడక గురించి ఎవరూ అనలేదు. మన వైపు వానాకాలం రాత్రి కట్లపాము ఇంట్లోకొస్తుంది. కాటు పెద్దగా నొప్పి పెట్టదు, గాటు కూడా కనబడదు. పిల్ల పొద్దున్న కడుపునొప్పి అంటుంది, కనురెప్పలు వాలిపోతాయి, అప్పటికే ఆలస్యం. పిల్లలు మంచం మీదే పడుకోవాలి, దోమతెర అంచు పరుపు కిందికి గట్టిగా దోపాలి. మలేరియాకీ అదే కావాలి. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించొద్దు. చలికాలం కొండ ఊళ్లలో కుంపటి అసలే వద్దు. పొగ రాని బొగ్గుల నుంచీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకి తెలీదు.

బరంపురం సిస్టర్
మేస్టారూ, తెర చంటివాళ్లకీ ఉండాల్సిందే. అయితే వదులుగా వేలాడి మొహం మీద పడకూడదు, నాలుగు మూలలా లాగి కట్టాలి. తెల్లతెర అయితే లోపలి పిల్ల కనబడుతుంది. చీర ఉయ్యాలలో రాత్రంతా ఉంచొద్దు, మెడ ముందుకు వంగిపోతుంది.

జ్వరం మందు మాట కూడా రాసుకోండి. పారాసిటమాల్ చుక్కల మందు సాధారణంగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. సిరప్పు 5 మి.లీ.కి 120 మి.గ్రా. లేదా 250 మి.గ్రా. మోతాదు కిలోకి 15 మి.గ్రా. 8 కిలోల పిల్లకి 120 మి.గ్రా. అంటే చుక్కలైతే 1.2 మి.లీ., 120 సిరప్పైతే 5 మి.లీ. సిరప్పు అనుకుని చుక్కల మందు 5 మి.లీ. పోస్తే నాలుగింతలు దాటుతుంది. కాబట్టి తల్లి తన సీసాయే ఇవ్వాలి, దాని మీద మి.లీ.లో మోతాదు, ఆఖరిసారి పోసిన టైము రాయాలి. మళ్లీ పోయడానికి కనీసం 4 గంటలు ఆగాలి. మూడు నెలల్లోపు బిడ్డకి 38 డిగ్రీలు దాటితే మందు పోసి చూద్దాం అనుకోకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రాయగడ అమ్మ
వంతుల పద్ధతి రాసేస్తున్నాం. డ్యూటీలో ఫోన్లు లోపలికి పోనివ్వరు, తల్లికి కబురెలా? రాత్రి తలుపుకి తాళం వెయ్యొచ్చా?

జేకేపూర్ సేఫ్టీ
తల్లి నంబరుతో పాటు ఆమె పనిచేసే చోట హాజరు చూసే టైమ్ ఆఫీసు నంబరు, ఆ రాత్రి షిఫ్ట్ ఇన్‌ఛార్జి పేరు ప్రతి సాయంత్రం రాయించుకోండి. నిన్నటి కాగితం పనికిరాదు, షిఫ్టు మారుతుంది.

తాళం వద్దు. 2021 జనవరి 9 తెల్లవారుజామున మహారాష్ట్ర భండారా జిల్లా ఆస్పత్రిలో నవజాత శిశువుల గదిలో మంటలు లేచి 10 మంది పసికందులు చనిపోయారు. రాత్రిపూట పిల్లల గదికి దారి ఎంత ముఖ్యమో అదొక్కటి చాలు. తలుపుకి లోపలి నుంచి గడియ ఒక్కటే ఉండాలి. పిల్లలకి అందకుండా 5 అడుగుల ఎత్తున బిగించండి, చీకట్లో తడిమితే ఒక్క చేత్తో తీసేలా ఉండాలి. రెండో చేతిలో బిడ్డ ఉంటుంది. చంటివాళ్లను బయటికి తోసుకెళ్లే చక్రాల తొట్టి కొనేముందు గుమ్మం వెడల్పు కొలవండి, గడప ఉంటే చిన్న వాలు పోయించండి.