“అత్తకు మీసాలుంటే”: బైడెన్ 2016లో నిలబడి ఉంటే అన్న వాదనకు ఈ సామెత నప్పుతుందా?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. మా ఫ్యామిలీ గ్రూపులో అమెరికా ఎన్నికల గొడవ మళ్లీ మొదలైంది. 2016లో హిల్లరీ క్లింటన్ బదులు జో బైడెన్ నిలబడి ఉంటే మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా చేజారేవి కావని మా అన్నయ్య రాశాడు. బాబాయి “అత్తకు మీసాలుంటే మామ అయ్యేది” అని ఒక్క ముక్కతో కొట్టిపారేశారు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టేసి ఊరుకున్నారు. ఇక్కడ ఈ సామెత సరిగ్గా పడిందంటారా?

జవాబు:
పడలేదండీ. బాబాయిగారికి ఎలా చెబుతారో మీ ఇష్టం.

ఆ సామెతకు ఊరికో తోక ఉంది. “మామ అయ్యేది” అనేవాళ్లున్నారు, “మామా అని పిలిచేవాళ్లం” అనేవాళ్లున్నారు. తోక ఏదైనా పని ఒకటే: ఎప్పటికీ జరగని షరతు పెట్టేవాడి నోరు మూయించడం. అత్తకు మీసాలు రావు, అంతే. బైడెన్ పోటీ అలాంటిది కాదు కదా. అప్పుడాయన ఉపాధ్యక్షుడు. 2015 మే నెలలో పెద్దకొడుకు చనిపోయాడు. బరిలో దిగాలా వద్దా అని నెలల తరబడి ఊగిసలాడి, ఆ అక్టోబరులో వద్దనుకున్నాడు. జరగడానికి వీలుండి జరగనిది వేరు, వీలే లేనిది వేరు. తెలుగులో చిక్కేమిటంటే రెంటికీ “ఉంటే” ఒక్కటే దిక్కు. తేడా అంతా వాక్యం చివరి క్రియ మోయాలి: గెలుస్తాడు, గెలిచేవాడు, గెలిచి ఉండేవాడు. మీ అన్నయ్య “చేజారేవి కావు” అని ఖాయం చేసేశాడు. దాని పక్కన ఒక్క “ఏమో” తగిలించి ఉంటే బాబాయిగారికి సామెత తీసే అవకాశమే ఉండేది కాదు.

లెక్కలు కూడా ఆ “ఏమో” వైపే ఉన్నాయి. మిషిగన్‌లో ట్రంప్‌కూ ఓడిన క్లింటన్‌కూ తేడా 10,704 ఓట్లు. విస్కాన్సిన్‌లో 22,748. పెన్సిల్వేనియాలో 44 వేల పైచిలుకు. అన్నీ కలిపినా 78 వేలు దాటవు. ఈ మూడింటినీ ఒబామా 2008లోనూ 2012లోనూ గెలిచాడు. అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాలవారీగా వచ్చే ఎలక్టోరల్ ఓట్లు. వీటి 46 ఇటు వచ్చి ఉంటే ట్రంప్ గెలుపుకి కావలసిన 270 కిందకి పడిపోయేవాడు. పైగా అభ్యర్థి అయ్యాక క్లింటన్ ఒక్కసారైనా విస్కాన్సిన్‌లో ప్రచారానికి అడుగుపెట్టలేదు. బైడెన్ పుట్టింది పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో. ఇంత సన్నటి తేడా దగ్గర మనిషి మారితే ఫలితం మారదని ఎవరు మాత్రం గట్టిగా చెప్పగలరు?

ఇంకొక సభ్యుడు:
మాస్టారూ, “ఏమో” ఎందుకు? 2020లో బైడెన్ ఆ మూడూ గెలిచి చూపించాడుగా!

జవాబు:
గెలిచాడు. అయినా అది కోవిడ్ ఏడాది, నాలుగేళ్ల ట్రంప్ పాలన చూశాక వచ్చిన తీర్పు. అంత జరిగినా విస్కాన్సిన్‌లో మెజారిటీ 20 వేల పైచిలుకే. ఒహాయో, అయోవా ఒబామాకు రెండుసార్లూ ఓటేసిన రాష్ట్రాలు. బైడెన్ వచ్చినా అవి వెనక్కి రాలేదు. అంటే గాలి మారినచోట మనిషి మారినా లాభం లేదు.

మరొకరు:
బెర్నీ శాండర్స్‌ని మర్చిపోయారు. 2016లో మిషిగన్, విస్కాన్సిన్ ప్రైమరీలు (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు) రెండూ క్లింటన్ మీద ఆయనే నెగ్గాడు. ఫ్యాక్టరీలు పోయిన ఊళ్ల కోపం తెలిసినవాడు.

జవాబు:
శాండర్స్ విషయంలో నాకు అంత నమ్మకం లేదు. ప్రైమరీలో ఓటేసేవాళ్లు వేరు, నవంబరులో వేసేవాళ్లు వేరు. దగ్గరి ఉదాహరణ డెమొక్రాట్ రస్ ఫైన్‌గోల్డ్. అదే విస్కాన్సిన్, అదే 2016, సెనేట్ పోటీ. 1993లోనే నాఫ్టాకు (కెనడా, మెక్సికోలతో అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) వ్యతిరేకంగా ఓటేసిన మనిషి, శాండర్స్ తరహా రాజకీయమే, పైగా సొంత రాష్ట్రం. క్లింటన్ అక్కడ ఒక్క శాతం లోపు తేడాతో ఓడితే, ఆయన మూడు శాతం పైగా తేడాతో ఓడాడు. శాండర్స్ అభిమానులు ఈ మాట ఎత్తరు ఎందుకో!

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. 2024కైనా బాబాయి సామెత వాడుకోవచ్చా? కమలా హ్యారిస్ పెన్సిల్వేనియా గవర్నర్ జాష్ షపీరోని ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకుని ఉంటే గెలిచేదని కూడా అన్నయ్యే అంటాడు.

జవాబు:
అక్కడా నప్పదు. ఆయన పేరు ఆఖరిదాకా పరిశీలనలో ఉంది. కాకపోతే అక్కడ మీ అన్నయ్య వాదనే బలహీనం. షపీరో 2022లో గవర్నరుగా భారీ మెజారిటీతో గెలిచిన మాట నిజమే. కానీ హ్యారిస్‌కు వచ్చిన ఎలక్టోరల్ ఓట్లు 226. పెన్సిల్వేనియా 19 కలిపితే 245. మిషిగన్, విస్కాన్సిన్ కూడా వస్తేగానీ సరిగ్గా 270 కాదు. ఉపాధ్యక్ష అభ్యర్థి పక్క రాష్ట్రాలు కూడా గెలిపించిన దాఖలా నాకు కనబడదు. హ్యారిస్ కాక అసలు వేరే అభ్యర్థి అయి ఉంటే అన్నది కాస్త బరువైన ప్రశ్న. అదే రోజు విస్కాన్సిన్, మిషిగన్‌లలో డెమొక్రాట్ సెనేట్ అభ్యర్థులు గెలిచారు మరి, బొటాబొటిగానే అయినా. పెన్సిల్వేనియాలో మాత్రం డెమొక్రాట్ సెనేటర్ బాబ్ కేసీ కూడా ఓడిపోయాడు.

2024కి సామెతే కావాలంటే “చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు” ఉంది. బైడెన్ తప్పుకున్నది జులై 21న, పోలింగ్ నవంబరు 5న. వేరే అభ్యర్థిని ప్రైమరీల్లో తేల్చుకునే గడువు అప్పటికే దాటిపోయింది. ఇది బాబాయిగారికి ఇవ్వండి. అన్నయ్య కూడా ఒప్పుకుంటాడు.