అప్‌డేట్: తాతయ్య రోలీఫ్లెక్స్ ఫిల్మ్ కెమెరా బయటికి తీశా

గీతలు పడతాయేమోనని తాతయ్య రోలీఫ్లెక్స్‌ని బీరువాలోంచి తియ్యడానికే చెయ్యి రావట్లేదు అని అడిగా కదా, వాడకపోతేనే పాడవుతుంది అన్నారు మీరంతా, అది నిజమే. వైజాగ్ తేమకి లెదర్ కేసులో మూసిపెడితే లెన్స్‌కి ఫంగస్ పట్టేస్తుందంట, అదృష్టం కొద్దీ లెన్స్ క్లీన్‌గానే ఉంది, కాకపోతే లోపల గ్రీజు గట్టిపడి ఒక సెకను స్పీడ్ పెడితే షటర్ అంతకంటే ఎక్కువసేపు తెరుచుకుని ఉంటోంది, రిపేరాయన సర్వీస్ చేసి అప్పుడప్పుడూ షటర్ కొడుతూ ఉండమన్నాడు.

120 ఫిల్మ్ రోల్ వేసుకుని భీమిలి వెళ్లా. పైనుంచి కెమెరాలోకి వంగి చూస్తే గ్లాస్ మీద కుడిఎడమలు తారుమారు, పడవ ఇటు పోతుంటే అటు పోతున్నట్టు కనిపిస్తుంది, వల అల్లుకుంటున్న పెద్దాయన వేళ్ల మీద ఫోకస్ కుదిరేసరికి గీతల సంగతే గుర్తు రాలేదు. రోల్‌కి 12 ఫొటోలే కాబట్టి ప్రతీదీ ఆగి ఆలోచించి తీస్తాం, ఆ ఆనందమే వేరబ్బా. స్ట్రాప్ దగ్గర చిన్న గీత పడింది, పడనీ. ఇప్పుడు సిలికా జెల్ వేసిన డబ్బాలో పెడుతున్నా, నెక్స్ట్ రోల్ మొత్తం అమ్మమ్మకే.