గోల్ఫ్ డౌన్‌స్వింగ్‌లో (పైకెత్తిన క్లబ్ బంతి మీదికి దిగేటప్పుడు) ముందు కదలవలసింది నడుమా, చేతులా?

గంటస్తంభం (విజయనగరం):
బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించాక, యాభై తొమ్మిదో ఏట గోల్ఫ్ మొదలుపెట్టినవాడిని. ఆదివారాలు తెల్లవారకముందే బయలుదేరి విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్బుకు వెళ్తాను. మిగిలిన రోజుల్లో మేడమీద రెండు మడతలు వేసి కట్టుకున్న పాత చేపల వలలోకి కొట్టుకుంటాను. నా బంతి ఎప్పుడూ కుడివైపుకే వంగిపోతుంది. ఫోన్లో సెకనుకు 240 ఫ్రేముల చొప్పున తీసి లెక్కపెట్టగా, క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పైకి వెళ్లడానికి 170 ఫ్రేములు, అక్కడి నుంచి బంతి దాకా రావడానికి 85 ఫ్రేములు పట్టాయి. వృత్తి ఆటగాళ్లలో ఈ నిష్పత్తి సుమారు 3:1 అంటారు, నాది 2:1. ఒకరు నడుము ముందు తిప్పమన్నారు, మరొకరు చేతులు ముందు దించమన్నారు. ఇద్దరి మాటా విన్న దగ్గరనుంచి బంతి సరిగా తగలడమే మానేసింది. తెలిసినవారు దయచేసి ఏదో ఒకటి తేల్చి చెప్పండి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
ఇందులో తేల్చవలసింది ఏమీ లేదండీ. మొదట ఎడమ పాదం మీదికి బరువు, తరువాత తుంటి, ఆ తరువాత ఛాతీ, ఆపైన ఎడమ చెయ్యి, అన్నిటికంటే ఆఖరున క్లబ్. ఒక్కొక్క భాగం తన వేగాన్ని అందుకుని తగ్గుతున్నప్పుడు ఆ వేగం దాని పైభాగానికి చేరుతుంది. కొరడా కొస చప్పుడు చేసేది ఇలాగే. శరీరానికి పరికరాలు తగిలించి కొలిచినవారు మంచి ఆటగాళ్లలో చూసింది కూడా ఈ వరుసనే. నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేసి, పిల్లలకు బరువులెత్తడం నేర్పినవాడిని. మన ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఆ ఆటలో మొదటి పాఠం ఒక్కటే: కాళ్లూ తుంటీ తమ పని ముగించేవరకూ చేతులు రెండు తాళ్లు, అంతే. మోచెయ్యి ముందే వంగిందా, కాళ్లు పుట్టించిన బలమంతా అక్కడే చెదిరిపోతుంది. గోల్ఫ్ అయినా అంతే. రెండు చంకల్లోనూ తువాలు బిగించి వందసార్లు తిప్పండి, చేతులు వాటంతటవే బుద్ధి తెచ్చుకుంటాయి.

కోటగుమ్మం (విజయనగరం):
మాస్టారూ, ఇనుప కడ్డీ నిట్టనిలువుగా లేస్తుంది, రెండు చేతులూ ఒకే పని చేస్తాయి. గోల్ఫ్‌లో బంతి పక్కన నేలమీద ఉంటుంది, రెండు చేతులూ రెండు రకాల పని చేస్తాయి. పోలిక కుదరదు. ఎర్నెస్ట్ జోన్స్ అనే ఇంగ్లీషు ఆటగాడికి మొదటి ప్రపంచ యుద్ధంలో కుడికాలు మోకాలి కిందినుంచి పోయింది. కొద్ది నెలలకే మైదానానికి వచ్చి 83 దెబ్బల్లో (ఈ లెక్క ఎంత తగ్గితే అంత మంచి ఆట) ఆట ముగించాడు. తుంటి, పాదం అంటూ మీరు చెప్పే వరుసలో సగం లేనివాడు ఆ లెక్క ఎలా తెచ్చాడు? తరువాత జీవితమంతా ఆయన నేర్పింది చేతులతో క్లబ్ తలను ఊపడమే. జేబురుమాలు కొసకు చాకు కట్టి ఊపి చూపించేవాడు. కుదిపితే రుమాలు ముడుచుకుపోతుంది, ఊపితే బిగిసి ఉంటుంది. ఇక మీ తువాలు సంగతి. పూర్తి స్వింగ్‌లో కుడి చంక తెరుచుకోక తప్పదు. 18 మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అతిపెద్ద పోటీలు, గెలిచిన జాక్ నిక్లాస్ కుడి మోచెయ్యి ఎంత ఎడంగా లేచేదో చూడండి. ఆయన చంకలో తువాలు నిలిచేదా?

జీడితోట (పలాస):
నూర్పిడిలో బల్లమీద వరి పన కొట్టేవారిని గమనించారా? పన ఇంకా వీపు వెనకే ఉంటుంది, కాలు అప్పటికే ముందుకు పడి ఉంటుంది. వాళ్లకెవరూ వరుస నేర్పలేదు.

నాగావళి_ఒడ్డు:
జీడితోట గారు నా మాటే చెప్పారు. తువాలు సగం స్వింగ్‌కు మాత్రమేనని వేరే చెప్పాలా? చంకలో గుడ్డ నిలపలేనివాడు నిక్లాస్‌ను ఉదాహరణగా తేకూడదు.

కోటగుమ్మం:
మీ మొదటి సమాధానంలో సగం అన్న మాట లేదు, వంద అన్న మాట ఉంది. పైకి వెళ్లి చదువుకోండి. పైగా జీడితోట గారు "ఎవరూ నేర్పలేదు" అన్నారు. నా మాట అది, మీది కాదు.

బొబ్బిలి_వీణ:
మూడు రోజులుగా తువాలే ఉతుకుతున్నారు. ప్రశ్న అడిగిన పెద్దమనిషి ఉన్నారా, క్లబ్ అమ్మేశారా?

నాగావళి_ఒడ్డు:
కోటగుమ్మం గారూ, ఒక్క మాట అడుగుతాను. మీరు జీవితంలో ఒక్క పిల్లవాడికైనా ఒక్క ఆటైనా నేర్పారా? పుస్తకాల్లో ఒంటికాలి మనిషిని వెతికి తెచ్చి, రెండు కాళ్లున్నవాళ్లందరికీ అదే దారి అనడం సులువు.

కోటగుమ్మం:
నేర్పలేదు, నేర్చుకున్నాను, డబ్బు కట్టి మరీ. ఊరూ పేరూ అనవసరం గాని, ఒక పెద్ద నగరంలో ఒక శిక్షకుడి దగ్గర నాలుగు నెలలు నేర్చుకున్నాను. నా వయసెంతో, అంతకుముందు నడుముకు ఏమైనా అయిందో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. వెళ్లిన ప్రతిసారీ ఒకటే మంత్రం: నడుము, నడుము, ఇంకా వేగంగా నడుము. తుంటి బంతిని దాటి ముందుకుపోయేది, చేతులు వెనకే చిక్కుకునేవి, వాటిని లాక్కురావడానికి వెన్ను విల్లులా వంచేవాడిని. చివరికి నలభై రోజులు మంచం మీద ఉన్నాను. చెప్పులు తొడుక్కోవడానికి మా అబ్బాయిని పిలవవలసి వచ్చేది. మీరు రాసిన వరుస అబద్ధమని నేను ఎక్కడా అనలేదు. అది కెమెరాకు కనిపించే వరుస. పైనుంచి బంతి దాకా రావడానికి మంచి ఆటగాడికి పావు సెకను పడుతుంది. కంటితో చూసి చెయ్యి కదపడానికే సెకనులో ఐదో వంతు కావాలి. ఆ సందులో "ఇప్పుడు తుంటి, ఇప్పుడు ఛాతీ" అని ఎవడూ ఆజ్ఞలిచ్చుకోలేడు. కొట్టేవాడి చెవిలో ఊదవలసిన మాట ఏది అన్నదే నా ప్రశ్న. నాబోటివాడికి అది నడుము కాదు.

నాగావళి_ఒడ్డు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే తువాలు దగ్గర ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. నా సంగతీ చెబుతాను. మా బడిలో ఒక కుర్రవాడు, నేను ఊళ్లో లేని వారం ఎవరో "చేతులతో లాగు" అంటే నమ్మి లాగాడు. మోచెయ్యి తొలగింది. బరువులు మానేశాడు, తరువాత బడీ మానేశాడు. ఎవరైనా "ముందు చేతులు" అంటే నాకు ఆ పిల్లవాడి మోచెయ్యే కళ్లముందు కనిపిస్తుంది. అయితే ఒకటి: మంత్రం పనిచేయకపోతే మంత్రం మార్చాలి గాని, వరుసనే తలకిందులు చేయకూడదు. మీ శిక్షకుడి తప్పు నడుము అనడం కాదు, మిమ్మల్ని చూడకుండా అనడం.

జీడితోట:
గంటస్తంభం గారి వీడియో మనలో ఎవరూ చూడలేదు. అయ్యా, క్లబ్ కిందికి బయలుదేరిన తరువాత పదిహేనో ఫ్రేము దగ్గర ఆపి, మీ ప్యాంటు బెల్టు బకిల్ ఎటు ఉందో, చొక్కా గుండీలు ఎటు ఉన్నాయో, చేతులు ఎంత ఎత్తులో ఉన్నాయో చెప్పండి.

గంటస్తంభం:
ఆపి చూశాను. బకిల్ దాదాపు కదలలేదు. చొక్కా గుండీలు మాత్రం అప్పటికే బంతి వైపు తిరిగేశాయి. చేతులు ఇంకా భుజం ఎత్తులోనే ఉన్నాయి, క్లబ్ తల నా ఒంటికి దూరంగా, బయటివైపు పడి ఉంది. అంటే నేను నడుమూ తిప్పలేదు, చేతులూ దించలేదు. నడుము అనుకుని భుజాలు తిప్పుతున్నాను.

జీడితోట:
అందుకే కుడికి పోతోంది. భుజం ముందు తిరిగితే క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకొస్తుంది. ఆ దారితో పోలిస్తే క్లబ్ ముఖం తెరుచుకుని, అంటే కుడివైపు తిరిగి, ఉందంటే బంతి వంగి తీరుతుంది. 85 ఫ్రేములు పట్టడానికి కారణం కూడా ఇదే అయి ఉంటుంది. కింది నుంచి అందవలసిన వేగం అందక, చేతులు ఒంటరిగా లాగుతున్నాయి.

నాగావళి_ఒడ్డు:
చూశారా, తుంటి కదలలేదు. నేను చెప్పిందే.

కోటగుమ్మం:
చూశారా, వీపు ఇంకా లక్ష్యంవైపు ఉండగానే చేతులు దిగాలి. నేను చెప్పిందే.

బొబ్బిలి_వీణ:
మా ఊళ్లో ఎడమచెయ్యి మెట్ల మీద, కుడిచెయ్యి తీగ మీద. ఏది ముందని ఎవరూ కొట్టుకోరు.

నాగావళి_ఒడ్డు:
గంటస్తంభం గారూ, రెండు పాదాలూ కలిపి నిలబడి, ఏడో నంబరు ఐరన్ క్లబ్‌తో నడుము ఎత్తు దాకా మాత్రమే ఊపండి. భుజాలు ముందు తోసుకొస్తే తూలిపోతారు, ఎవరూ చెప్పనక్కరలేదు. ఇరవై బంతుల తరువాత ఎడమ పాదాన్ని జానెడు ముందుకు వేస్తూ కొట్టండి. క్లబ్ ఇంకా పైకి వెళ్తుండగానే పాదం నేలను తాకాలి. కోటగుమ్మం గారి కోసం చెబుతున్నాను, ఇందులో నడుము అనే మాట ఎక్కడా లేదు.

కోటగుమ్మం:
పాదాలు కలిపే సాధనకు నాకు అభ్యంతరం లేదు. నా వెన్ను కూడా దానికి ఒప్పుకుంటుంది.

గంటస్తంభం:
ఈ ఉదయం మేడమీద చేశాను. మొదటి ఆరు బంతులకు నిజంగానే తూలి నీళ్ల ట్యాంకు పట్టుకున్నాను. ఇరవైలో పదకొండు వల నడిమధ్య తగిలాయి. ఆ పదకొండింటి చప్పుడు వేరు, కింద వంటింట్లో ఉన్న మా ఆవిడ కూడా గుర్తుపట్టింది. పాదం వేస్తూ కొట్టినప్పుడు లెక్కపెట్టగా పైకి 168, కిందికి 66 ఫ్రేములు వచ్చాయి. ఆదివారం మైదానంలో ఎలా ఉంటుందో రాస్తాను. తువాలు మాత్రం ఎడమ చంకలోనే పెట్టుకున్నాను, కుడివైపు జారిపోతోంది.

కోటగుమ్మం:
జారుతుందని చెప్పాను.

నాగావళి_ఒడ్డు:
సగం స్వింగ్‌లో జారిందా, పూర్తి స్వింగ్‌లో జారిందా? అది రాయలేదు.