పిల్లల ముఖం మీద గాయానికి గ్లూనా, కుట్లా?

పటమట అమ్మ:
నిన్న మా నాలుగేళ్ల బాబు టీపాయ్ అంచు మీద పడ్డాడు. కనుబొమ్మ పైన దాదాపు 2 సెంటీమీటర్లు చీలింది. డాక్టరు గారు కుట్లు అక్కర్లేదని, గాయాలకు వాడే మెడికల్ గ్లూతో అతికించి పంపేశారు. "జిగురు పెడితే గాయం మానుతుందా?" అని మా అత్తగారు అన్నప్పటి నుంచి నాకూ టెన్షన్‌గా ఉంది. ఎవరి పిల్లలకైనా వేయించారా?

బ్రాడీపేట నాన్న:
మా పాపకు నుదుటి మీద వేశారండి. కాస్త వేడిగా ఉందంది, అంతే, సూది లేదు. వారానికి పొర దానంతటదే రాలిపోయింది. ఇప్పుడు మచ్చ వెతికితే గానీ కనిపించదు. మేం చేసిన తప్పు ఒకటుంది. మూడో రోజు ఆయింట్‌మెంట్ రాశాం. ఆ జిడ్డుకు గ్లూ మెత్తబడి ఓ మూల లేచింది. కొబ్బరినూనె, వాజలీన్ ఏదీ దగ్గరకు రానివ్వకండి.

కృష్ణలంక:
మా వాడికి కుట్లే వేశారు. పై పెదవి అంచు దాటి చీలింది. గ్లూ పెట్టమని నేనే బతిమాలాను. పెదవి ఎరుపు, చర్మం కలిసే గీత ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా ఎప్పటికీ తెలుస్తుందని, గీతకు గీత కలిపి కుట్టాలని డాక్టరు గారు చెప్పారు. పైగా నోటి తడికి గ్లూ నిలవదట. దుప్పట్లో చుట్టి నేనే పట్టుకున్నాను. వాడి ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఐదో రోజు కుట్లు తీశారు. గీత చక్కగా కలిసింది, ఆ రోజు ఒప్పుకున్నందుకు సంతోషంగా ఉంది.

గుంటూరు నర్సు:
అమ్మా, భయపడకండి. గాయం చిన్నదై, శుభ్రంగా ఉండి, అంచులు లాగకుండానే కలుస్తుంటే గ్లూ చాలు. మచ్చలో పెద్ద తేడా ఉండదు. కాకపోతే కుట్ల కంటే విడిపోయే అవకాశం కొంచెం ఎక్కువ, బాబు గోకకుండా చూసుకోండి. లోతైన గాయాలకు, కుక్క కాటుకు గ్లూ వాడరు. కుక్క కరిస్తే ముందు 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, రేబిస్ ఇంజెక్షన్లకు పరుగెత్తాలి. ఇంట్లో ఫెవిక్విక్ మాత్రం ఎవరూ ప్రయత్నించకండి, అది ఒంటికి వాడేది కాదు. రక్తం ఆగాలని కాఫీ పొడి అద్ది తెస్తారు. అదంతా కడిగేటప్పుడు పిల్లలు పడే బాధ చూడలేం. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకు రండి, చాలు.

పటమట అమ్మ:
చాలా థాంక్స్ అండి. స్నానం చేయించవచ్చా?

గుంటూరు నర్సు:
చేయించవచ్చు, కానీ త్వరగా ముగించండి, గాయం నానకూడదు. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. ఎర్రగా వాచినా, చీము పట్టినా, అంచు విడిపోయినా వెంటనే చూపించండి. టీకా కార్డు కూడా తీయండి, ధనుర్వాతం రాకుండా ఏడాదిన్నరప్పుడు వేసే డీపీటీ బూస్టర్ పడిందో లేదో చూడాలి.

పటమట అమ్మ:
పడింది. కార్డు ఇప్పుడే చూశాను.