బోరు నీళ్లకు ఏ రూట్‌స్టాక్ మంచిది: మల్టీఫ్లోరానా, ఒడొరాటానా?

మల్కాజిగిరి మిద్దెతోట:
ఈ వానల్లో రూట్‌స్టాక్‌గా, అంటే అంటుకు వేరునిచ్చే మొక్కగా, అడవి గులాబీ కొమ్మలు నాటి, చలికాలానికి వాటిమీద మంచి గులాబీ కన్ను (మొగ్గ) పెట్టి అంట్లు కట్టాలని ఉంది. నర్సరీ ఆయన మల్టీఫ్లోరా కొమ్మలు ఇచ్చారు. మా మామయ్యేమో ఇండికా ఒడొరాటా పెట్టమంటున్నాడు. మాకు బోరు నీళ్లే దిక్కు. ఏది పెట్టమంటారు?

బోయిన్‌పల్లి గులాబీలు:
మల్టీఫ్లోరానే పెట్టండి. కొమ్మ గుచ్చితే వేరు పోసుకుంటుంది. ముళ్లు లేని రకం కూడా ఉంది. బెరడు తేలిగ్గా లేస్తుంది కాబట్టి కొత్తగా కత్తి పట్టినవాళ్లకైనా కన్ను అతుక్కుంటుంది. ఆకు పసుపెక్కితే ఐరన్ చీలేట్ (వేరుకు ఇనుము అందించే మందు) వేస్తే సరిపోతుంది.

సైనిక్‌పురి నుంచి:
అన్నా, కన్ను అతుక్కోవడం గురించి మీరన్నది నిజమే. కానీ అంటు కట్టేది ఒక్క పూట, ఆ వేళ్లు ఏళ్ల తరబడి తాగాల్సింది బోరు నీళ్లు. మా నీళ్లకు కుండీ అంచున సున్నం చార కడుతుంది. ఆ కుండీల్లో మల్టీఫ్లోరా మీద కట్టిన నాలుగు మొక్కలూ మొదటి ఏడాది విరగబూశాయి. రెండో వేసవికి లేత ఆకులన్నీ పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. మట్టిలో ఇనుము లేక కాదు. సున్నం నీళ్లతో మట్టిలో క్షార గుణం పెరిగితే ఆ ఇనుము వేరుకు అందదు. మల్టీఫ్లోరా జపాన్, కొరియా వైపు మొక్క, దానికి కాస్త ఆమ్ల నేల కావాలి. ఒడొరాటా క్షారాన్నీ ఉప్పునూ బాగా తట్టుకుంటుంది.

చీలేట్ నేనూ వేశాను. మామూలుగా దొరికే ఈడీటీఏ రకం క్షార మట్టిలో నిలవదు, ఈడీడీహెచ్ఏ రకమే నిలుస్తుంది. అది ఖరీదు. ఎన్నిసార్లని వేస్తాం?

బోయిన్‌పల్లి గులాబీలు:
మాకు నల్లా నీళ్లు, కృష్ణావి. ఆ తేడా నాకు తట్టలేదు. నల్లా నీళ్లున్నవాళ్లకు మాత్రం నా మాట మల్టీఫ్లోరాకే. ఒడొరాటా ముళ్లతో అంటు కట్టడం చాలా కష్టం.

సైనిక్‌పురి నుంచి:
కన్ను పెట్టే చోట నాలుగు ముళ్లు వేలితో పక్కకు నొక్కితే ఊడిపోతాయి, అంతే. అసలు చిక్కు నర్సరీలో, చాలాచోట్ల రూట్‌స్టాక్ పేరే చెప్పరు. ఆకు కాడ మొదలు చూడండి. అక్కడ రెండువైపులా దువ్వెన పళ్లలా సన్నటి అంచు ఉంటే అది మల్టీఫ్లోరా.

మల్కాజిగిరి మిద్దెతోట:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. దువ్వెన పళ్లే. కుండీలకు సున్నం చారలూ ఉన్నాయి. ఈ కొమ్మలు నల్లా నీళ్లున్న మా పిన్నివాళ్లకు ఇచ్చేస్తాను. ఒడొరాటా కొమ్మల కోసం మామయ్యకు ఫోన్ చేస్తున్నా.