ఈస్టర్ గుడ్లకు ఇంటి రంగులు: వెనిగర్ ముందా, వడకట్టాకా?

ఆదివారంబడి: ఈస్టర్‌కి సండేస్కూల్ పిల్లలకు 30 గుడ్లు రంగు వేయాలి. బజారు రంగుపొడులు వద్దనుకున్నాం. ఉల్లిపొట్టు, పసుపు, రెడ్ క్యాబేజీ ఉన్నాయి. క్యాబేజీ నీళ్లలో వెనిగర్ ముందే పోయమని కొందరు, వడకట్టాక పోయమని కొందరు అంటున్నారు. ఏది సరి? ఎరుపు రావాలంటే ఏం చేయాలి?

కట్టెలపొయ్యి: వడకట్టాకే, అనుమానం అక్కర్లేదు. అర కిలో క్యాబేజీ సన్నగా తరిగి, లీటరు నీళ్లలో సన్నసెగ మీద అరగంట మరిగించండి. వడకట్టి, చల్లారాక రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్ కలపండి. ముందే పోస్తే చక్కటి ఊదా నీళ్లు గులాబీకి తిరుగుతాయి. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదే పెట్టండి.

నీలిమందు: గిన్నెలో రంగు చూసి తీర్పు చెప్పకండి. క్యాబేజీకి ఆ రంగునిచ్చే పదార్థం ఆంథోసయనిన్. పులుపు తగిలితే గులాబీ, క్షారం తగిలితే నీలం, క్షారం ఇంకా ఎక్కువైతే ఆకుపచ్చ. గుడ్డు పెంకు దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి సరుకే, క్షారం. గులాబీ నీళ్లలో నానబెట్టినా పెంకుకి పట్టేసరికి నీలమవుతుంది. పైగా ఈ రంగు పుల్లటి నీళ్లలో అయితేనే మరుగుకి తట్టుకుంటుంది. కాబట్టి ముందే పోయండి.

ఓరుగల్లుపోరడు: ఉల్లిపొట్టుకైతే వెనిగర్ అసలే అక్కర్లేదు. గిదేం లొల్లి.

కట్టెలపొయ్యి: నీలిమందు గారూ, వేడి వెనిగర్ నీళ్లలో గుడ్డు వేస్తే ఏమవుతుందో చూశారా? ఒళ్లంతా బుడగలు లేస్తాయి. అవి పోయాక వేలితో రాస్తే సుద్దపొడి, దాంతోపాటే రంగూ ఊడొస్తుంది. ముందే పోయమని సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

నీలిమందు: బుడగలు వచ్చేది ఎంత పోశామన్నదాన్ని బట్టి. నాలుగు శాతం వెనిగర్ ఒక టేబుల్ స్పూను, అంటే 15 మిల్లీలీటర్లు, మహా అయితే అర గ్రాము పెంకుని కరిగిస్తుంది. ఒక గుడ్డు పెంకే అయిదారు గ్రాములుంటుంది. లీటరుకు రెండు స్పూన్లు పోసి పది గుడ్లు వేస్తే ఒక్కోదానికి పోయేది గ్రాములో పదో వంతు. పెంకు మీది పొర కాస్త గరుకై రంగు పట్టడానికి అదే చాలు. అరకప్పు పోసి రాత్రంతా వదిలేస్తే తప్పు వెనిగర్‌ది కాదు.

న్యూజెర్సీవదిన: ఎరుపు సంగతి ఎవరూ చెప్పలేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి కదా? పసుపు పట్టించిన గుడ్డుని సున్నపు తేటలో ముంచితే సరిపోదా?

నీలిమందు: తిరుగుతుందండీ, కానీ నిలకడ ఉండదు. పసుపు క్షారంలోనే ఎర్రబడుతుంది. కాస్త పులుపు తగిలితే, వెనిగరైనా నిమ్మచెయ్యైనా, మళ్లీ పసుపే. గుడ్డు మీద మచ్చలుమచ్చలుగా కూడా వస్తుంది. పసుపుని పసుపుగానే ఉంచండి: లీటరుకు మూడు టేబుల్ స్పూన్లు, పావుగంట మరిగించి గుడ్డతో వడకట్టాలి. లేకపోతే పొడి అంటుకుని చుక్కలు పడతాయి. ఎండలో పెట్టకండి, వెలిసిపోతుంది.

కట్టెలపొయ్యి: ఎరుపుకి ఉల్లిపొట్టే. గ్రీకులు పవిత్ర గురువారం (ఈస్టర్ ముందటి గురువారం) నాడు గుడ్లకు ఎర్రరంగు వేస్తారు, ఇళ్లలో చాలామంది పొట్టే వాడతారు. పదిపన్నెండు ఉల్లిపాయల పొట్టు లీటరు నీళ్లలో అరగంట మరిగించి, వడకట్టి, చల్లారాక అందులోనే పచ్చిగుడ్లు వేసి మళ్లీ పొయ్యెక్కించాలి. మరిగాక సెగ తగ్గించి 12 నిమిషాలు. కుంకుమ ఎరుపు రాదు, ఇటుక ఎరుపు వస్తుంది. ఇనుప గిన్నె మాత్రం వద్దు, రంగు నల్లపచ్చగా మారిపోతుంది. కొత్తిమీర ఆకు గుడ్డుకి అద్ది పాత నైలాన్ మేజోడులో బిగించి కడితే ఆకు ముద్ర తెల్లగా నిలుస్తుంది.

ఇందులో నానబెట్టే పనే లేదు. రాత్రంతా నాననిచ్చే గోలంతా క్యాబేజీ పక్షం వాళ్లదే.

నీలిమందు: క్యాబేజీ పక్షమా? క్యాబేజీ నీళ్ల సంగతి అడిగింది ఆదివారంబడి గారే. నీలం చల్లటి నీళ్లలోనే బాగా పడుతుంది, ఫ్రిజ్‌లో 8 నుంచి 12 గంటలు. ఉడికించి తీసేస్తే లేత బూడిద వస్తుంది. బీట్‌రూట్ అయితే మరిగించే కొద్దీ గోధుమ రంగుకి దిగుతుంది. అందరి పని ఒకే గిన్నెలో, ఒకే గంటలో అవ్వాలంటే ఎలా?

పోయిన ఏడాది ఆవకాయ చర్చలో కూడా మీరు ఇంతే, ఉప్పు దగ్గర ఆగిపోయారు.

కట్టెలపొయ్యి: ఆవకాయ ఎందుకు లాగుతారు? గుడ్డు ఉడకబెట్టడం తెలియనివాళ్లు గ్రాములు లెక్కేస్తుంటే చదవాల్సి వస్తోంది. ముందే వెనిగర్ పోయమన్నది మీరు, ఆ కుండలోకి గుడ్లు దింపేది వాళ్లు. పాడైతే ఎవరు జవాబుదారీ?

నీలిమందు: దింపమని నేనెక్కడన్నాను? రంగునీళ్లు వేరు, గుడ్లు వేరు. రంగు చల్లారాకే ఉడికిన గుడ్లు అందులోకి. మీరు మొదటినుంచీ గుడ్లు కుండలో ఉడుకుతున్నట్టు మాట్లాడుతున్నారు.

కట్టెలపొయ్యి: అవును, ఎందుకంటే నేను తినే గుడ్డు సంగతి చెబుతున్నాను! పిల్లలు ఒలుచుకుని తింటారు. ఉడికిన గుడ్డు ఫ్రిజ్ బయట రెండు గంటలే ఉండాలి. 32 డిగ్రీలు దాటితే గంట. ఏప్రిల్ ఎండలో ఆరాధన అయ్యేదాకా బుట్టలో పెడితే ఏమవుతుందో ఆలోచించారా? మీ నీలం ఫోటోకి బాగానే ఉంటుంది.

నీలిమందు: ఆ మాట మొదటే అంటే సరిపోయేది. నేను చెప్పింది చూసే గుడ్డు. తినేదానికి ఉల్లిపొట్టు పద్ధతే నయం, ఒప్పుకుంటాను.

ఓరుగల్లుపోరడు: నాటుకోడి గుడ్ల మీద నీలం వస్తదా?

నీలిమందు: రాదు. పెంకులోనే గోధుమ రంగుంటుంది, దాని మీద నీలం పడితే బురద పచ్చ. నీలానికి ఫారం తెల్లగుడ్లే తీసుకోండి.

ఆదివారంబడి: మాకు రెండూ కావాలి. బుట్టలో పెట్టేవి, పిల్లలు తినేవి.

కట్టెలపొయ్యి: అయితే తినేవి 24 ఉల్లిపొట్టులో వేసి, ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టి, పంచేటప్పుడే తీయండి. బుట్టకి ఆరు గుడ్లు లోపల ఖాళీ చేయండి. పెంకు కడిగి, రెండు కొసలా సూదితో పొడవండి, కింది రంధ్రం మూడు మిల్లీమీటర్లు. పచ్చసొన సూదితో చితక్కొట్టి సిరంజితో గాలి తోయండి. పచ్చి గుడ్డు కదా, నోటితో ఊదకండి. లోపల నీళ్లతో కడిగి ఆరబెట్టండి. సొన ఆమ్లెట్‌కి వస్తుంది.

నీలిమందు: ఖాళీ పెంకు నీళ్లలో తేలుతుంది. రంగునీళ్లు లోపలికి ఎక్కించండి, లేదా పైన చిన్న సాసరు బరువు పెట్టండి. గుడ్లు ఒకదానికొకటి ఆనకుండా చూసుకోండి, ఆనినచోట తెల్ల మచ్చ మిగులుతుంది. నూనె చేత్తో ముట్టుకోవద్దు. అట్ట ట్రేలో ఆరబెడితే అట్ట అడుగు రంగు పీల్చేస్తుంది, థర్మోకోల్ మీద గుండుసూదులు గుచ్చి వాటి మీద నిలబెట్టండి. ఆకుపచ్చ కావాలంటే నీలం పడి ఆరిన గుడ్డుని అయిదు నిమిషాలు పసుపు నీళ్లలో ముంచండి.

న్యూజెర్సీవదిన: మరి వెనిగర్ ఎప్పుడు?

నీలిమందు: ముందే.

కట్టెలపొయ్యి: వడకట్టాక.